గోరంత పండు ముక్క

జీపు డ్రైవరు బోను దించి బల్ల మీద పెట్టాడు.

"రష్యా ఇంజినీరు గారి మేడమ్‌ది. ఆవిడ ఊరెల్తన్నారు. ఇరవై రోజుల్లో వచ్చి అట్టుకెల్తారు. జాగర్తగా సూడండి," అని చెప్పి, మరో మాటకి ఆగకుండా వెళ్ళిపోయాడు.

అవి ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కడుతున్న రోజులు. కూర్మన్నపాలెం దాటాక, సైటులోని రేకుల వెల్డింగ్ షాపు మూడు షిఫ్టులూ నడిచేది. ఉదయం షిఫ్టు సత్యానిది, మధ్యాహ్నం పోలిరాజుది, రాత్రి ఖయ్యూంది. ముగ్గురూ టెంపరరీలే. ముగ్గురి మీదా ఫోర్‌మన్ నీలకంఠం.

బోనులో ఓ చిన్న చక్రం, ఓ మూల ఎండుగడ్డి గుట్ట. కడ్డీలకి కట్టిన అట్ట మీద, మేడమ్ ఇంటి పనివాళ్ళ కోసం కాబోలు, తెలుగులో ఏదో రాసి ఉంది. నీలకంఠం కళ్ళజోడు సవరించుకుని పైకి చదివాడు.

"ఇది హామ్‌స్టర్. పేరు దూస్యా. పగలంతా గడ్డిలో దూరి పడుకుంటుంది. లేపితే బెదిరిపోతుంది. ఆపిల్ ముక్క గోరంతే పెట్టాలి, గింజలు తీసేయాలి. ద్రాక్షపండు సగమే. నారింజ, నిమ్మ పెట్టకూడదు. తినకుండా వదిలేసిన ముక్క కుళ్ళకముందే తీసేయాలి."

"ఏటండిది?" అన్నాడు సత్యం.

"ఎలకరా. రష్యా ఎలక."

తర్వాత నీలకంఠం గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. నెలాఖరుకి షాపులో ఒక్కణ్ణి పర్మినెంటు చేస్తారు. ఎవర్ని చెయ్యాలో ఇంజినీరు గారినీ అడుగుతారు. ఇక మేడమ్ నోట ఎవరి పేరు వస్తే వాడి పంట పండినట్టే.

సత్యం బోను దగ్గరికి జరిగాడు. ఆ ఒక్క మాట కోసం నాలుగేళ్ళుగా చూస్తున్నాడు. మిగతా ఇద్దరూ అంతే అనుకోండి.

నీలకంఠం పద్ధతి మనిషి. గ్యాసు సిలిండరు చేతులు మారినా సంతకం పెట్టించేవాడు. హామ్‌స్టర్‌కీ ఓ చార్జి పుస్తకం తెరిచాడు. షిఫ్టు దిగేవాడు ఏం పెట్టాడో, అది ఏం చేసిందో రాయాలి. ఎక్కేవాడు 'సరిచూసుకున్నాను' అని సంతకం చెయ్యాలి.

మర్నాడు సత్యం ఇంట్లోంచి ఆపిల్ పట్టుకుని బయల్దేరుతుంటే భార్య గౌరీశ్వరి చూసింది.

"పెళ్ళయి ఆరేళ్ళయినాది. నాకెప్పుడైనా ఆపిలు తెచ్చినావేటి?"

"నువ్వు సెబితే నాను పర్మినెంటవుతానేటే?" అన్నాడు సత్యం. ఆ పూట క్యారియర్లో కూర లేదు.

షాపులో ముక్క కోశాడు, గింజ తీశాడు, కడిగాడు. బోనులో పెట్టి, సందు దొరికినప్పుడల్లా వచ్చి చూశాడు. గడ్డి కదల్లేదు. రెండు కావస్తుంటే ముక్క రంగు మారింది. అట్ట మీద రాసినట్టే తీసేశాడు. పారేయడానికి మనసొప్పక నోట్లో వేసుకున్నాడు. పుస్తకంలో 'తినలేదు' అని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. 'తిన్నది' అని రాశాడు. పోలిరాజు గడ్డి వంక చూసి, సరిచూసుకున్నానని సంతకం చేశాడు.

తెల్లారి పుస్తకం తెరిస్తే సత్యానికి నీరసం వచ్చింది.

పోలిరాజు రాసింది: 'సగం ద్రాక్ష నా చేతిలోంచే తీసుకుని తిన్నది.'

ఖయ్యూం రాసింది: 'రాత్రి చక్రం మీద గంటసేపు తిరిగినది. ఉషారుగా ఉన్నది.'

ఖయ్యూం రాత్రి షిఫ్టులో గంటసేపు మెలకువగా ఉన్నాడంటే సైటులో ఎవరూ నమ్మరు. సత్యం నమ్మాడు.

"ఏటి బావా, నీ సేతిలోంచే తినీసిందా?" అని పోలిరాజుని నిలదీశాడు.

"మరేటనుకున్నావు? నాకు బాగా మాలిమైపోనాది. పేరెట్టి పిలిస్తే వచ్చెత్తంది," అన్నాడు పోలిరాజు మీసం దువ్వుకుంటూ.

సత్యం కుళ్ళిపోయాడు. వాళ్ళిద్దరి దగ్గరా ఆడే జంతువు తనకి కనీసం మూతి చూపించదు. ఎవరూ లేనప్పుడు బోను ముందు వంగి, "ఒక్కసారి తల బయట పెట్టవే తల్లీ," అని బతిమాలేవాడు.

మధ్యలో ఓ గొడవ కూడా అయింది. షాపంతా నారింజ వాసన కొట్టడంతో నీలకంఠం ఖయ్యూంని పట్టుకున్నాడు.

"అది నాను తిన్నానండీ! దానికెట్టలేదు," అన్నాడు ఖయ్యూం. ఆ ఒక్కటీ నిజమే.

పదిహేనో రోజున సత్యం తెగించాడు. 'ముద్దుగా నా వేలు కొరికినది. నొప్పి లేదు,' అని రాశాడు. రాసినందుకు వేలికి గుడ్డ కూడా కట్టుకున్నాడు.

ఇరవయ్యో రోజున షిఫ్టు మారే వేళకి మేడమ్ వచ్చింది, వెంట మాట తర్జుమా చేసే ఆయన. సంగతి తెలిసి ఖయ్యూం కూడా నిద్ర మానుకుని వచ్చాడు. ముగ్గురూ బోను పక్కన వరసగా నిలబడ్డారు. నీలకంఠం రెండు చేతులతో చార్జి పుస్తకం అందించాడు.

తర్జుమా ఆయన ఒక్కో రోజూ చదివి రష్యన్‌లో చెబుతున్నాడు. మేడమ్ మొదట కళ్ళు పెద్దవి చేసుకుని విన్నది. తర్వాత నవ్వింది. చివరికి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. సత్యానికి ప్రాణం లేచొచ్చింది. పోలిరాజు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు.

"మేడమ్ గారు ఏ వేలు అని అడుగుతున్నారు," అన్నాడు తర్జుమా ఆయన.

సత్యం వినయంగా గుడ్డ కట్టిన వేలు చాపాడు.

ఆవిడ ఆ వేలిని జాలిగా నిమిరి, చేతిలోని బుట్ట మూత తీసి, ఇరవై రోజులూ తన వెంటే ఊళ్ళు తిరిగొచ్చిన దూస్యాని, విరిగిన కడ్డీకి అతుకు వేయమని తను పంపించిన ఖాళీ బోను పక్కన మెల్లగా దించింది.