మనిషి తోలే బండి

మనిషి చేతికి స్టీరింగ్ ఇస్తే ప్రమాదమట! అందుకే పాత బండ్లకు సర్కారు పరీక్ష పెట్టింది. ఒక్క నిమిషంలో పది అడుగుల దూరంలోని గీత దాటాలి. దాటకపోతే అక్కడే నుజ్జు చేస్తారు.

కోళ్ల షెడ్డులో తుప్పుపట్టిన ఎర్ర స్పోర్ట్స్ కారు నాంచారి మొదటి సొంత బండి. ఆటోనగర్ ముసలి మెకానిక్ సైదులుతో కలిసి రెండేళ్లు బాగుచేసింది. పరీక్ష రోజున సైదులు ఇంజను స్టార్ట్ చేసి దిగాడు. ఇన్‌స్పెక్టరు గడియారం నొక్కాడు.

నాంచారి ఎడమ సీట్లో కూర్చుని "పద" అంది.

బండి కదల్లేదు. ఆమె పుట్టాక అన్ని బండ్లూ మాట విని వాటంతటవే నడిచేవే. తోలడం నేర్చుకోవాలని ఆమెకు తోచలేదు, నేర్పాలని సైదులుకూ తోచలేదు.

"నీ తెలివి తగలెయ్య! కుడి సీట్లోకి, స్టీరింగ్ ముందుకు జరుగు!" సైదులు కిటికీలోంచి అరిచాడు. "ఎడంకాలు తొక్కు. గేరు ముందుకు తొయ్యి. ఇప్పుడు కాలు వదులు... మెల్లగా తల్లీ!"

"ఇంకా పది సెకన్లే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బండి ఒక్క దూకు దూకి, గీత దాటి ఆగిపోయింది.

ఇన్‌స్పెక్టరు ఫారం తీశాడు. "నడిపిన ప్రోగ్రాం పేరు?"

"నాంచారి. నా పేరే రాసుకో."