ఆదివారం ప్రమాణం

బయట తాళం తిరిగిన చప్పుడుకి అపొలోనియా మంచం మీద లేచి కూర్చుంది. వచ్చేది వాల్బుర్గా అత్తే. ఈ గది తాళంచెవి ఆవిడ నడుముకు తప్ప ఇంకెక్కడా ఉండదు. నాన్నకు స్వయానా అక్క. అయినా కాపలా దగ్గర బంధుత్వం చూసే మనిషి కాదు.

అత్త మాంసం పులుసు గిన్నె బల్ల మీద పెట్టి, జేబులోంచి దారపుముక్క తీసింది.

“చెయ్యి ఇలా తే. వేలి కొలత కావాలి.”

“నాకు ఉంగరం వద్దు.”

“నిన్నెవరడిగారే?” అంటూ చెయ్యి లాక్కుని వేలికి దారం చుట్టింది.

నూరెంబర్గ్‌లో కన్యస్త్రీగా ఉంటానని మఠంలో మాట ఇచ్చే పిల్లకు కూడా పెళ్ళికూతురికి పెట్టినట్టే పూలకిరీటం పెట్టి, ఉంగరం తొడుగుతారు. జనం ముందు ఆ ఒక్క మాటా నోరు దాటిందంటే ఇక చచ్చేదాకా అంతే. అపొలోనియా తన మాట ఆదివారం ఇవ్వాలి. ఇవాళ శనివారం.

“నేను అననంటే ఏం చేస్తారు?”

“అనకుండా ఎక్కడికి పోతావే? నీ వయసులో నేనూ ఇలాగే తిండి మానేసి ఏడ్చాను. తర్వాత అదే అలవాటైంది. ఇప్పుడు చూడు, నాకేమైంది?”

“చూస్తూనే ఉన్నానత్తా.”

వాల్బుర్గా మొహం మాడిపోయింది. “ఆ నోరే తగ్గించుకోమనేది. అంతా ఆ గ్రీకు పుస్తకం చేసిన నిర్వాకం. రేపటి నుంచి పుస్తకాలూ ఉండవు, పాడూ ఉండవు. తెల్లారి లేస్తే చేతినిండా పని. అప్పుడు తిక్క కుదురుతుంది.”

అపొలోనియా బెంగంతా అదే. చదువుకోవాలి. బతికినన్నాళ్ళూ చదువుకుంటూ ఉండాలి. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. రేపు ఆ మాట అనేస్తే ఇక ఆ ముచ్చట లేదు. ఆమె గ్రీకు సువార్తల పుస్తకాన్ని అత్త అప్పుడే పిండి పెట్టెలో పెట్టి తాళం వేసేసింది.

గ్రీకు నేర్పింది నాన్నే. లాటిన్‌లోకి మార్చినప్పుడు తప్పులు దొర్లాయి, దేవుడి మాట మొదట ఏ భాషలో రాశారో ఆ భాషలోనే చదవాలి అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ నేర్పాడు. తీసుకొచ్చి ఈ గదిలో పెట్టిందీ నాన్నే. మొన్న ఆయన వచ్చినప్పుడు పౌలు మాటలు గ్రీకులో గడగడా అప్పజెప్పింది. క్రీస్తు మనల్ని స్వతంత్రుల్ని చేశాడు, మళ్ళీ కాడి కింద మెడ పెట్టకండి అని. ఆయన కళ్ళు మూసుకుని మురిసిపోతూ విన్నాడు. ఒక పదం పలకడంలో తప్పు పోతే సరిదిద్దాడు. తర్వాత తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయాడు. బుద్ధెరిగిన తర్వాత ఆమెకు ఎవరి మీదా అంత కోపం రాలేదు.

ఊరు చూస్తే కొత్త బోధతో ఊగిపోతోంది. బైబిల్లో లేని మఠం మొక్కులు చెల్లవంటున్నారు. మఠాల్లో ఉండలేని కన్యస్త్రీలు బయటికి రావచ్చని నగర పెద్దలు చాటింపు కూడా వేయించారు. ఆ చాటింపు అపొలోనియా ఈ కిటికీ ఊచల్లోంచే వింది. ఊళ్ళో అందరికీ స్వేచ్ఛ వచ్చింది, ఆమెకు తప్ప.

మధ్యాహ్నం గెర్ట్రాడ్ అనే దర్జీ ఆవిడ తెల్లగౌను తెచ్చి తొడిగి చూసింది. అపొలోనియా టోపీ తీసి తల చూసి గతుక్కుమంది. జుట్టు వేలెడంత కూడా లేదు.

“కిరీటం ఎలా నిలబెట్టనమ్మా దీని మీద?” అని వాల్బుర్గాను అడిగింది.

“సూదులు గుచ్చు. నిలబడకేం చేస్తుంది?”

అంతలో వీధిలో గోలగా కేకలు లేచాయి. “బండి వస్తోంది! కన్యస్త్రీల బండి!” మఠం వదిలేసిన వాళ్ళను బండెక్కించి ఊరేగిస్తూ తెస్తున్నారు. వాల్బుర్గా ఉండబట్టలేక మెట్ల మలుపులో ఉన్న కిటికీ దగ్గరికి పరిగెత్తి, సగం ఒళ్ళు బయటికి వంచింది. తాళంచెవి తలుపుకే ఉండిపోయింది.

అపొలోనియా కుర్చీ మీదున్న గెర్ట్రాడ్ శాలువా వంక చూసింది. గెర్ట్రాడ్ ఆమె వంక చూసింది. తర్వాత గోడవైపు తిరిగి సూదులు ఏరుకోవడం మొదలుపెట్టింది.

“నేనేం చూళ్ళేదమ్మా” అంది గోడతో.

శాలువా తలమీంచి కప్పుకుని అపొలోనియా అత్త వీపు వెనక నుంచే మెట్లు దిగింది. వంటగది దాటుతుంటే పిండి పెట్టె కనబడింది. తాళం పగలగొట్టే వ్యవధి లేదు. పుస్తకం వదిలి వెళ్ళాలంటే ప్రాణం పీకినట్టయింది. అయినా ఆగలేదు.

వీధి నిండా జనం. బండిలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఇద్దరు నవ్వుతున్నారు, ఒకామె ఏడుస్తోంది. శాలువా కింద తెల్లగౌను చూసి ఒక కసాయి గట్టిగా నవ్వి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నువ్వూ పారిపోయొచ్చావా తల్లీ? ఎక్కెక్కు, చోటుంది!”

చెయ్యి విదిలించుకుని, జనానికి ఎదురు పరిగెత్తింది. వంతెన మీద చెప్పు ఒకటి ఊడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే అత్త ఎక్కడ కనబడుతుందోనని చూడలేదు. ఏటి అవతల ఒక ఇనపమేకుల తలుపు ముందు ఆగి, రెండు చేతులతోనూ దబదబా బాదింది.

“ఎవరది?” అంది లోపలి నుంచి ఒక ముసలి గొంతు.

“మదర్, నేను అపొలోనియాని, నాన్న రేపు నాకు పెళ్ళి చేసేస్తున్నాడు, నన్ను మళ్ళీ మఠంలోకి లాక్కుని తొందరగా తాళం వేసేయండి!”