డౌటుగారు మానేశారు

"గివప్ అంటే మానెయ్యడం. రాసుకోండి," అన్నారు ఇంగ్లీషు మాస్టారు.

అందరూ రాసుకున్నారు. డౌటుగారు మాత్రం చెయ్యెత్తారు.

క్లాసంతా ఒక్కసారిగా నిట్టూర్చింది.

ప్రమోషన్ల కోసం ఆఫీసు నుంచి ఆఫీసు మొహాలతోనే వచ్చి కూర్చునే జనం. ఎవరి ప్రాణం వారికే బరువుగా ఉంది. డౌటుగారి అసలు పేరు ఎవరికీ తెలియదు, కనుక్కునే ఓపికా లేదు.

సిగరెట్టయితే మానేస్తాం, ఆశయితే వదులుకుంటాం, దొంగయితే లొంగిపోతాడు. మూడింటికీ ఒకటే మాటయితే వినేవాడికి తేడా ఎలా తెలుస్తుందని ఆయన బాధ.

"ఇంటర్వ్యూలో అంత లోతుకి వెళ్లరు లెండి. కూర్చోండి," అన్నారు మాస్టారు.

పక్క కుర్చీలో గుమాస్తావిడ ఆవలించింది.

ఆవిడ ఆఫీసు ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. ఇంట్లో అత్తగారు మంచం పట్టారు. ఇంటి పక్క సందులో ఉన్న బ్రాంచిలో ఒకే ఒక్క పోస్టు ఖాళీగా ఉంది. అదొస్తే మధ్యాహ్నం ఓసారి వెళ్లి అత్తగారికి మందు వేసి రావచ్చు.

ఉత్తుత్తి ఇంటర్వ్యూకి మాస్టారు ఆవిణ్ణి డౌటుగారితో జత చేశారు. ఆవిడ రాత అలా ఉంది.

ఈ ఉద్యోగం మీకెందుకని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. ఆయన తన మోకాళ్ల గురించి మొదలుపెట్టారు. ఇప్పటి ఆఫీసు మూడో అంతస్తులో ఉందిట, లిఫ్టు లేదుట, నొప్పి ఒక మోకాలికి ఎక్కువ, రెండో దానికి తక్కువ అయితే బహువచనం వాడొచ్చా అని మళ్లీ డౌటు. ఆవిడ కళ్లు మూతలు పడ్డాయి.

తన వంతు వచ్చేసరికి ఆవిడ దగ్గర ఇంగ్లీషు అయిపోయింది.

"అలిసిపోయానండీ," అంది తెలుగులో. బస్సులూ అత్తగారూ అన్నీ చెప్పేసింది.

"ఏ బ్రాంచమ్మా?"

చెప్పింది.

మొదటిసారి ఆయనకి డౌటేమీ రాలేదు.

మర్నాటి నుంచి ఆయనే రాలేదు.

ఏదైనా వాక్యం చెప్పమని మాస్టారు అడిగితే, ఆవిడ ఖాళీ కుర్చీ చూపించి, డౌటుగారు గివప్ చేశారని ఇంగ్లీషులో చెప్పింది. వ్యాకరణం అక్షరాలా సరిపోయిందని మాస్టారు మెచ్చుకున్నారు. చాన్నాళ్లకి క్లాసు నవ్వింది. ఆవిడా నవ్వింది.

ఇంటర్వ్యూ రోజున బ్రాంచి వరండాలో ఆవిడ ఒక్కతే కూర్చుంది. పోటీకి ఇంకొకరున్నారని విన్నది. ఎవరో ఏమిటో తెలియని ఆ మనిషికి ఇవాళ బస్సు దొరక్కపోతే బాగుండునని పొద్దుటి నుంచీ కోరుకుంటూనే ఉంది.

"రెండోవారు ఇంకా రాలేదేం?" అని అటెండరును అడిగింది.

"రారమ్మా. తన పేరు తీసెయ్యమని పోయిన వారమే కుంటుకుంటూ వచ్చి చెప్పిపోయారు."

"అదేం?"

"ఇంగ్లీషు క్లాసులో పక్కన కూర్చునే ఆవిడ ఆవలింతలు చూశాక, ఈ బ్రాంచిలో కుర్చీ దొరికినా తనకి అందులో కునుకు పట్టదన్నారు."