లాకప్‌లో దాహం

పోలీసులు వీధుల్లో తిరగాలి, స్టేషన్లో కూర్చోడానికి ఎవరైతేనేం అనుకుని పైవాళ్లు ఒక గుమాస్తాను పెట్టారు. మొన్న రాత్రి లాకప్‌లోని ముసలాయన ఊచల మీద గ్లాసుతో మర్యాదగా తట్టి మంచినీళ్లడిగాడు.

"నేను పోలీసును కాదు తాతా. వాళ్లొచ్చాక అడుగు."

కూజా గుమాస్తా మోచేతి పక్కనే ఉంది. వాళ్లొచ్చేసరికి ముసలాయన ప్రాణం పోయింది.

ఈ రాత్రి లాకప్ ఖాళీ. అయినా ఊచల మీద గ్లాసు చప్పుడు ఆగి ఆగి, అంతే మర్యాదగా వినిపిస్తోంది. చివరికి గుమాస్తా కూజాలోంచి గ్లాసెడు నీళ్లు వంచుకెళ్లి, తలెత్తలేక, ఊచల సందులో పెట్టాడు.

"మొన్న... నేను పోలీసును కాదు కదా అని..."

చీకట్లోంచి నెమ్మదిగా జవాబొచ్చింది.

"తెలుసు నాయనా. అందుకేగా నిన్నడిగాను."