గుట్ట ఎక్కే బండి

"ఇది బండి కాదురా, బండికి మేనల్లుడు" అన్నాడు ఫెర్నే.

రుబియేలా హోటలు ముందు కొత్త క్రూయిజర్ మోటారుసైకిలు నిలబడి ఉంది. నల్లది. నాలుగు వందల యాభై సీసీ. మానిసాలెస్ నుంచి లేత్రాస్ కనుమకు ఎక్కే దారి అది. ఆదివారం పదకొండు దాటినా మంచు విడవలేదు. ట్యాంకు మీద సన్నటి నీటి తుంపర పట్టింది.

దాన్ని తెచ్చింది దువాన్. షోరూములో అమ్మకాలు చూసే పని అతనిది. "ఒకసారి నడిపి చూసి, ఆ తర్వాత తిట్టన్నా" అన్నాడు.

"నడపడం దేనికి? చూస్తేనే తెలుస్తోంది. ఆ ట్యాంకు చూడు, నీళ్ల చెంబంత ఉంది. ఇక ఆ చప్పుడైతే సరే సరి. మా ఆవిడ నాతో ఉన్న రోజుల్లో మిక్సీయే ఇంతకంటే గట్టిగా అరిచేది."

ఫెర్నేది పదకొండు వందల సీసీ బండి. పంతొమ్మిదేళ్లుగా అదే. వారమంతా బడి బస్సు నడుపుతాడు. ఆదివారం ఆ బండెక్కితే తప్ప తనూ ఒక మనిషేనన్న సంగతి గుర్తుకు రాదు. ఒకప్పుడు ఈ హోటలు ముందు పదకొండు బండ్లు వరసగా ఆగేవి. ఇద్దరు స్పెయిన్ వెళ్లిపోయారు. ఒకడు ఈ మంచులోనే లారీ కింద పడ్డాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే బండ్లు అమ్ముకున్నారు. ఇప్పుడున్నది ముగ్గురు. వచ్చే ఏడాది గురించి ఆలోచించడం ఫెర్నే ఎప్పుడో మానేశాడు.

మూడోవాడు అబెలార్దో. వెల్డింగు షాపతను. నడుం పట్టేసిందని ఇవాళ తన బండి తేకుండా దువాన్ వెనక కూర్చుని వచ్చాడు. వేడి బెల్లంనీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కొత్త బండి చుట్టూ తిరుగుతున్నాడు. దాంతో పాటు ఇచ్చిన జున్నుముక్కని ముట్టనే లేదు.

"బలం ఎంత?" అని అడిగాడు.

"నలభై ఏడు గుర్రాలన్నా. వేగానికైతే..."

"వేగం సంగతి వదిలెయ్. నడిచే మనిషి వేగంతో గుట్ట ఎక్కిస్తే ఇంజను కాగిపోదు గదా?"

దువాన్ బుర్ర గోక్కున్నాడు. ఆరేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఫెర్నే పగలబడి నవ్వాడు. "నడక వేగమా? ఏరా ముసలి పెళ్లికొడకా, మీ ఆవిడ ఎదిల్మాని మళ్లీ పెళ్లాడి ఊరేగుదామనా?"

అబెలార్దో కూడా నవ్వాడు. "నీ బండినయితే అలా నడిపితే అర కిలోమీటరుకే పొగలు కక్కుతుంది. అందుకే అడుగుతున్నా."

అది నిజమే. నిజం కాబట్టే ఫెర్నేకి ఒళ్లు మండింది. "కక్కనీ! నాది రోడ్డెక్కితే జనం ఆగి చూస్తారు. దీన్ని చూస్తే మందులషాపు కుర్రాడొచ్చాడనుకుని తలుపు తీస్తారు."

"ఇంజను చుట్టూ నీళ్లు తిరుగుతాయన్నా, ఫ్యాను కూడా ఉంది. ఏం కాదు" అన్నాడు దువాన్ అబెలార్దోతో.

"పక్కబండి, అదే సైడ్‌కారు, తగిలిస్తే? నేనే కట్టుకుంటా. కాస్త పొడుగ్గా."

"అందులో బరువెంత?"

"వంద, నూట పది కిలోలు."

"లాగేస్తుంది."

"ఎదిల్మా మోకాళ్లు చాపుకోవడానికా?" అన్నాడు ఫెర్నే.

అబెలార్దో రుబియేలాని అడిగి బంగాళాదుంపల బస్తా ఒకటి తెప్పించాడు. సీటు పాడైపోతుందని దువాన్ మొత్తుకుంటున్నా వినకుండా వెనక తాళ్లతో కట్టించాడు. "నువ్వు నడుపు ఫెర్నే. నేను మధ్యలో కూర్చుంటా. పై మలుపు దాకా. మెల్లగా."

ఫెర్నే గొణుక్కుంటూనే ఎక్కాడు.

మొదటి గేరులో బండి నిట్టనిలువు దారి పట్టింది. ఎక్కడా మొరాయించలేదు, ఊగలేదు. మేత మేసే ఆవులు కూడా తల తిప్పనంత నెమ్మదిగా పోతోంది. వెనక బస్తా బరువు తెలుస్తోంది కానీ, మనిషి ఉన్నట్టే లేదు. అబెలార్దో రెండు చేతులూ ఫెర్నే భుజాల మీద ఉన్నాయి.

ఫెర్నేకి చాలా రోజుల తర్వాత మనసు కాస్త తేలికపడింది. వీడు కొత్త బండి కొంటున్నాడు, పక్కబండి కడతానంటున్నాడు. అంటే ఇంకా కొన్నేళ్లు తిరగాలనే కదా. ఇద్దరం మిగిలినా చాలు. పచ్చిగడ్డి వాసన గట్టిగా పీల్చుకున్నాడు.

మలుపు దగ్గర ఆపాడు. ఇంజను దగ్గరికి చెయ్యి పెట్టి వేడి చూశాడు.

"ఒప్పుకుంటున్నాన్రా. బలముంది. దర్జాయే లేదు. దీని మీద నిన్ను చూసి జనం నవ్వుతారు."

"గుట్ట ఎక్కింది. నాకది చాలు." అబెలార్దో దిగి బస్తాకి ఆనుకుని నిలబడ్డాడు. కొంచెం ఆయాసపడుతున్నాడు. "కాగితాలు నీ పేరు మీద రాయమని దువాన్‌తో చెప్తాను."

"నా పేరు మీదా? మతి పోయిందా? నాకు నా బండుంది. ఈ మేనల్లుణ్ణి నేనెందుకు నడుపుతాను?"

అబెలార్దో స్నేహితుడి జాకెట్టు కాలరు సరిచేశాడు.

"డాక్టరు నెల రోజులే అన్నాడురా, పక్కబండిలో శవపెట్టెతో కలిపి నూట పది కిలోలు దాటను, మా ఊరి గుట్ట మీది శ్మశానం దాకా నన్ను ఇంతే మెల్లగా తీసుకెళ్లు."