వెనక్కి రాకూడదు

ఫోన్లో అలారం మోగగానే అమ్మ తరుగుతున్న ఉల్లిపాయ పక్కన పెట్టింది. తాపీగా లేచి, చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గరికి నడిచింది.

"అమ్మా, కొంప కాలిపోతోంది. చేతులు తర్వాత కడుక్కో," అన్నాడు కొడుకు.

"ఉల్లిపాయ వాసన్రా."

అతను పళ్ళు నూరాడు. కాలిపోతున్నది ఉత్తుత్తి కొంపే. అయినా తర్ఫీదంటే తర్ఫీదు లాగే ఉండాలి కదా.

తలుపు పక్కన మేకుకి సంచీ వేలాడుతోంది. ఆ మేకు అతనే కొట్టాడు, కాస్త కిందగా. ఆవిడ నడుం పట్టుకుని వంగి సంచీ తీసుకుంది. అందులో బీపీ మాత్రలు, టార్చి, ఈల, నీళ్ళ సీసా, ఇంకో కళ్ళజోడు ఉన్నాయి. ఇంట్లో దారికి అడ్డంగా సామాను లేదు. గడపలు కూడా ఎప్పుడో తీయించేశారు. తట్టుకుని పడ్డానని చెప్పే వీలు కూడా ఆవిడకి లేదు.

చెయ్యాల్సిందల్లా ఒక్కటే. లిఫ్టు జోలికి పోకుండా మూడంతస్తుల మెట్లు దిగి, రోడ్డు దాటి, ఎదురుగా టైలరు కొట్టు ముందున్న బల్ల మీద కూర్చోవాలి. ఏం జరిగినా వెనక్కి రాకూడదు. చంటిపిల్లలకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేవాళ్ళు.

అతని ఉద్యోగమే అది. అగ్నిమాపక కేంద్రానికి వచ్చే ఫోన్లు అందుకుంటాడు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఊపిరాడక అరిచేవాళ్ళకి నింపాదిగా దారి చెబుతాడు. బయటికి రండి, తలుపు మూసెయ్యండి, వెనక్కి వెళ్ళకండి. ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు అతని మాట విని బతికి బయటపడ్డారు. విననివాళ్ళూ ఉన్నారు. నగల పెట్టె కోసం లోపలికి వెళ్ళిన ఒకావిడ ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది. ఆ తర్వాత తన చెవిన పడినవేవీ అతను ఇంట్లో చెప్పలేదు.

అలాంటివాడి మాట కన్నతల్లి దగ్గర కాణీకి చెల్లడం లేదు.

పోయిన నెల కింద మీటర్ల గదిలో మంట లేచి, మెట్ల నిండా పొగ కమ్మింది. భవనంలో జనమంతా పిల్లాజెల్లాతో కిందికి పరిగెత్తారు. ఈవిడ కదల్లేదు. అతను బతిమాలాడు, తిట్టాడు, ఆఖరికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆవిడ తువ్వాళ్ళు తడిపి ఇద్దరి మూతులకీ కట్టి, అతని పక్కన కూర్చుంది. అదృష్టం బాగుండి మంట త్వరగానే అదుపులోకి వచ్చింది. అన్నిసార్లూ అదృష్టం బాగుంటుందా?

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఈ తంతు. మొదటిసారి ఆవిడ రెండో అంతస్తు దాకా దిగి వెనక్కొచ్చింది. కళ్ళజోడు మర్చిపోయిందట. అది నెత్తి మీదే ఉంది. తర్వాతి వారం గ్యాసు కట్టేశానో లేదో అంటూ వచ్చింది. ఆ పై వారం గేటు దాకా వెళ్ళి, చెప్పులు తేడాగా వేసుకున్నానంటూ వచ్చింది. దిగేటప్పుడు మోకాళ్ళని మెట్టుకోసారి తిట్టుకునే మనిషికి, ఎక్కేటప్పుడు ఆ ఓపిక ఎక్కడినుంచి వచ్చేదో ఆవిడకే తెలియాలి.

విసుగెత్తి చెల్లెలికి ఫోన్ చేశాడు. కింది అంతస్తులో ఇల్లు చూసుకోమని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నానుగా అందామె. అది దొరికేదాకా అమ్మని ఏం చెయ్యమంటావని అతను కసురుకున్నాడు.

"అమ్మ సంగతి సరే అన్నయ్యా, మరి..."

"అమ్మ సంగతే మాట్లాడు," అని ఫోన్ పెట్టేశాడు.

ఈ ఆదివారం మాత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగకుండా కింది దాకా వెళ్ళింది. అతను బాల్కనీలోకి వచ్చి కమ్మీల సందులోంచి చూశాడు. అమ్మ సంచీ భుజాన వేసుకుని గేటు దాటింది. అటూ ఇటూ చూసుకుని రోడ్డు కూడా దాటింది. టైలరు బల్ల మీది గుడ్డముక్కలు దులిపి చోటు చూపించాడు. ఆవిడ కూర్చుంది.

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. హమ్మయ్య, ఇక ఈ ఇల్లు ఏమైనా కానీ, అమ్మ బతికిపోతుంది అనుకున్నాడు.

బల్ల మీంచి ఆవిడ తలెత్తి బాల్కనీ వైపు చూసింది. అతను బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ ఊపలేదు. అలాగే చూస్తూ చూస్తూ లేచి నిలబడింది.

కూర్చోమని పైనుంచి అతను గొంతు చించుకున్నాడు. కింద టైలరు కూడా ఏదో సర్దిచెప్పబోయాడు. ఆవిడ ఎవరి మాటా విననట్టే రోడ్డు దాటి గేట్లోకి వచ్చేసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగుతూ ఆగుతూ పైకి వచ్చింది.

తలుపు తెరుచుకునేసరికి అతను ఎదురుగానే ఉన్నాడు. కోపంగా అందుకున్నాడు.

"నిజంగా మంటలైతే ఈపాటికి నువ్వు లేవమ్మా. నెల నుంచి చెబుతున్నా, గోడకి చెప్పినట్టే ఉంది. చెప్పు, ఈసారి ఏం మర్చిపోయావు?"

ఆవిడ ద్వారబంధం పట్టుకుని ఊపిరి కూడదీసుకుంది. వంగి, సంచీని మళ్ళీ ఆ మేకుకే తగిలించింది.

"ఏం మర్చిపోలేదురా. అందుకే వచ్చా."

ఆ మాట అని, పదేళ్ళుగా ఒక్క మెట్టయినా దిగలేని కొడుకు చక్రాల కుర్చీకి బ్రేకు వేసి, పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.