తోడు బటన్

“తోడు బటన్ ఆపావంటే నా మాట అక్కడితో ఆగిపోతుంది. అర్థమైందా?” రేడియోలో బావ గొంతు ఆయాసపడుతూ వినిపించింది.

కుందేలుకు అర్థమైంది. సొరంగంలో ఎక్కడో పైకప్పు కూలి, దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. హెల్మెట్ లైటు రాయి తగిలి పగిలింది. మోకాళ్ల దాకా చల్లటి నీళ్లు. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

అతను సొరంగంలో వైర్లు లాగే ఎలక్ట్రీషియన్. ఏ చిన్న చప్పుడైనా అందరికంటే ముందు బయట తేలతాడని అతనికి కుందేలని పేరు పెట్టింది మేస్త్రీ. ఆ మేస్త్రీ స్వయానా అతని అక్క మొగుడు.

“బావా, నువ్వెక్కడున్నావ్?”

“నీకంటే లోపల. కాలు ఇరుక్కుంది. నా మాట బయటికి పోవాలంటే నీ రేడియో ఒక్కటే దారి.”

కొత్తగా ఇచ్చిన రేడియోల తీరే అంత. సొరంగంలో ఎవరి మాటా నేరుగా బయటికి పోదు. తోడు బటన్ వేసి ఉంటే, లోపలివాడి మాటను మధ్యవాడి రేడియో అందుకుని ముందున్నవాడికి చేరవేస్తుంది. ఎవరి దగ్గర ఛార్జింగ్ ఎక్కువుంటే వాడి నెత్తిన ఎక్కువ బరువు పడుతుంది. అందుకే పనివాళ్లకు ఒక దొంగ అలవాటు అయింది. సూపర్‌వైజర్ అటు తిరగ్గానే తోడు బటన్ ఆపేసుకుంటారు. ఊళ్లోవాళ్ల మాటలన్నీ మోసి మన బ్యాటరీ ఎందుకు చావాలని వాళ్ల బాధ. ఈ విద్యలో కుందేలు అందరికీ గురువు. ఇవాళ కూడా ఆపే ఉంచాడు, బావ అరిచాకే వేశాడు.

“ఛార్జింగ్ అయిపోవస్తోంది బావా. ఒక్కసారి తోడు ఆపేసి అక్కతో మాట్లాడతా. ఈపాటికి సంగతి తెలిసి సొరంగం గేటు దగ్గరికి వచ్చే ఉంటుంది.”

“వచ్చే ఉంటుంది. నువ్వు అక్కతో మాట్లాడే లోపు నేను మూగవాణ్ణైపోతా. ఆ తర్వాత నన్నెవడు వెతుకుతాడు?”

నీళ్లు తొడలకు వచ్చాయి. ఇక్కడే, ఈ చీకట్లోనే పోతానని అనిపించి ఒళ్లంతా చెమట పట్టింది, అంత చలిలోనూ.

“పోనీ నేను బయటికి వెళ్లి మనుషుల్ని తీసుకొస్తా బావా.” పారిపోవాలనుకున్న ప్రతిసారీ అతను ఇలాంటి మంచి మాటతోనే మొదలుపెడతాడు.

“అడుగు కదిపావంటే నీ రేడియో నాకు అందదు.”

“నీళ్లు పెరుగుతున్నాయి.”

“నాకూ పెరుగుతున్నాయి.”

అతనికి బావ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంతమంది ఉండగా ఈ బరువు తన నెత్తినే పడాలా? వేలు తోడు బటన్ మీదికి పోయింది. అవతల దబ్బుమని ఏదో పడిన చప్పుడు, వెనకే బావ మూలుగు. వేలు తీసేశాడు.

“రాళ్లు పడుతున్నాయా బావా? నొప్పిగా ఉందా?”

“ఉంది. ఎక్కువ మాట్లాడించకు.”

“మాట్లాడు బావా. నువ్వు మాట్లాడకపోతే నేను పరుగెత్తేస్తాను. నా సంగతి నీకు తెలుసుగా.”

“తెలుసు కాబట్టే మాట్లాడుతున్నా. మొన్న లారీ టైరు పేలితే టీ గ్లాసుతో సహా గేటు దాటింది నువ్వు కాదూ?”

“గ్లాసు మళ్లీ తెచ్చిచ్చాను బావా.”

బావ నవ్వాడు. కుందేలుకూ ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే రేడియో ఆగిపోయింది. దాని మీది చిన్న వెలుగూ పోయింది.

“బావా?”

నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. ఇక అక్కడ నిలబడాల్సిన పని లేదు. గోడ మీద పైపు చేతికి తగిలింది. దాన్ని పట్టుకుని ఈ పక్కకు పోతే బయటికి దారి, ఆ పక్కకు పోతే లోపలికి. ఒంట్లో ప్రతి ఎముకా బయటికే పొమ్మంది. మరి అక్క అడిగితే ఏం చెప్పాలి?

ఏడుస్తూనే లోపలి వైపు తిరిగాడు. భయం రవ్వంత కూడా తగ్గలేదు. గుండె చిక్కబట్టుకుని, నడుం లోతు నీళ్లలో, “బావా, వస్తున్నా, మాట్లాడకపోయినా పర్లేదు” అంటూ అడుగులో అడుగు వేశాడు. పైనుంచి మట్టిపెళ్ల ఒకటి ఊడి భుజం మీద పడింది. కేక పెట్టి కూడా ఆగలేదు.

అప్పుడు వెనక నుంచి వెలుగు పడింది.

తిరిగి చూసి బిగుసుకుపోయాడు. అతను పరుగెత్తాలనుకున్న వైపు నేలే లేదు. సొరంగం అడుగు కుంగిపోయి, నీళ్లు సుడి తిరుగుతున్న పెద్ద గొయ్యి నోరు తెరుచుకుని ఉంది. కూలిన మట్టిని తవ్వి, ఆ గొయ్యి మీద బల్లలు పరుచుకుంటూ ముగ్గురు మనుషులు వస్తున్నారు.

“నన్ను కాదు, ముందు లోపలికి పదండి,” అన్నాడు కుందేలు, దగ్గరికొచ్చిన వాళ్లను లోపలి వైపు నెట్టేస్తూ. “మా బావ కాలు ఇరుక్కుని ఉన్నాడు. ఇందాకటి దాకా మాట్లాడాడు. తొందరగా రండి, మీకు దణ్ణం పెడతాను.”

ఎవరూ కదల్లేదు. ముందున్న మనిషి తల నుంచి కాళ్ల దాకా బురదలో మునిగి ఉన్నాడు. చేతిలో గునపాన్ని గోడకు ఆనించి, ఆయాసపడుతూ అతని రెండు భుజాలూ గట్టిగా పట్టుకున్నాడు.

“నువ్వు తప్ప లోపల ఎవరూ లేరురా బామ్మర్దీ, ఇందాకట్నుంచీ తవ్వుతూ మాట్లాడింది నేనే.”